రోగి పేరు చెప్పండి

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మా మేనత్త ఒకావిడ ఉంది. ఆవిడకి కరెంటు పోయినా గాలే, పాలు విరిగినా గాలే. చిన్నప్పటినుంచీ ఆవిడ కబుర్లు వినీ వినీ, పెద్దయ్యాక అలాంటి మాట ఎవరెత్తినా "సరేలెండి" అని అక్కణ్ణుంచి లేచిపోవడం అలవాటు చేసుకున్నాను.

పైగా నా ఉద్యోగం అలాంటిది. అచ్యుతాపురంలో మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పని. స్ట్రిప్పులో ఒక గుంటలో మాత్ర పడలేదనుకోండి, ఎందుకు పడలేదో కారణం రాసి సంతకం పెట్టేవరకూ ఆ సరుకు గేటు దాటదు. సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉంటుంది, లేదా పైన మాత్ర ఇరుక్కుని ఉంటుంది. మిషన్ తప్పు చేసిందంటే ఏదో ఒక కారణం ఉండి తీరుతుంది. కారణం తెలియదని రాస్తే మా మేనేజరు కాగితం మొహాన కొడతాడు. అలాంటిదాన్ని, కారణం తెలియని సంగతి ఒకటి రాయడానికి కూర్చున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇంకొకళ్ళు రాసి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

ముందు మా నాన్న గొంతు గురించి చెప్పాలి.

నాన్నది అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం. పేరు నూకరాజు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. లారీలు రివర్సు చేస్తున్నా, కళాసీలు బెల్లం దిమ్మలు దించుతూ కేకలేస్తున్నా, ఆ గోలలోంచి నాన్న వేలం పాట విడిగా వినపడేది. ఫోనెత్తితే హలో అనడం ఆయనకి తెలీదు. ముందు గొంతు సవరించుకుని, "నూకరాజునండీ, సెప్పండి" అనేవారు. ఆ "అండీ"ని కాస్త సాగదీసేవారు. బేరగాళ్ళు ఫోన్ చేసినా అంతే, నేను చేసినా అంతే. "నేను నాన్నా, నీ కూతుర్ని" అంటే, "తెలుసు, సెప్పండి" అని ఏడిపించేవారు.

ఒకరోజు పొద్దున్న కొట్లో బెల్లం దిమ్మల వరసకి చేరబడి కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, కళ్ళు మన వెంటే తిరుగుతాయి, నోట్లోంచి మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. డ్యూటీ నుంచి వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది. ఆయన ఎడమచేత్తో నా తల మీద తట్టేవారు.

ప్రాణం నిలిచింది కాబట్టి ఇకమీదట మందులే ఆధారం అన్నారు డాక్టరు. రక్తం గడ్డకట్టకుండా ఒకటి, బీపీకి ఒకటి, మూర్ఛ రాకుండా ఒకటి. ఏది మానినా ప్రమాదమే, మొదటిది మాత్రం ఒక్క పూట కూడా తప్పడానికి వీల్లేదని మరీ మరీ చెప్పారు. మందులు ఇంట్లో లేవు అనే మాట రాకూడదు. మాకు అప్పట్నుంచీ అదే ధ్యాస.

మేము చూపించుకునే ఆసుపత్రిలో, పేరెందుకులెండి, నాన్న పడిపోయాకే ఓపీ హాల్లో మందుల మిషన్ పెట్టారు. జనం దాన్ని మందుల ఏటీఎం అంటారు. నెలనెలా ఒకే మందులు వాడేవాళ్ళకి కార్డు ఇస్తారు. కార్డు పెట్టగానే లోపల్నుంచి ఒక ఆడగొంతు "రోగి పేరు చెప్పండి" అంటుంది. మనం పేరు చెప్పాలి. తర్వాత "మీరు చెప్పిన పేరు" అని, మనం అన్నదాన్ని మన గొంతుతోనే మళ్ళీ మనకి వినిపిస్తుంది. సరిగ్గా ఉంటే పచ్చ బటన్ నొక్కాలి. మందుల ప్యాకెట్ కింద ట్రేలో పడుతుంది. చదువురాని పెద్దవాళ్ళకి టైపు చేసే బాధ లేకుండా ఇలా పెట్టారట. కావాలంటే ఫోనుకి ఓటీపీ రప్పించుకోవచ్చు కూడా. కానీ వాళ్ళ దగ్గరున్న నంబరు నాది. మా కంపెనీలో ఫోన్లు లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే లాకర్లో పెట్టేయాలి. కాబట్టి నేను డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ వెళ్ళి పేరు చెప్పి మందులు తేవాలి.

చిక్కేమిటంటే, మా అమ్మ నాన్న పేరు చెప్పదు.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా చెప్పలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ళమ్మ చెప్పింది, ఈవిడ పట్టుకుంది. ఆ పట్టుదల ఎంతదాకా అంటే, ఇంట్లో నూకల్ని కూడా నూకలనదు, "సిన్న బియ్యం" అంటుంది. మా ఊరి అమ్మవారు నూకాలమ్మ, ఆవిడ పేరే నాన్నకి పెట్టారు. దాంతో అమ్మ దేవత పేరు కూడా ఎత్తదు, "అమ్మోరు" అని ఊరుకుంటుంది. నా చిన్నప్పుడు రేషన్ షాపుకి వెళ్ళినా, బ్యాంకుకి వెళ్ళినా నన్ను వెంటేసుకు వెళ్ళేది. "ఇంటాయన పేరేటమ్మా" అని వాళ్ళు అడగ్గానే నా వీపు మీద తట్టేది, నేను చెప్పేదాన్ని. ఇప్పుడు వాళ్ళ మేడ మీదే కాపురముంటున్న నేను, మా ఆయన్ని పైనుంచి "రవీ" అని కేకేస్తే రెండు చెవులూ మూసుకుంటుంది.

మొదటిసారి నేనే అమ్మని తీసుకెళ్ళి మిషన్ ఎలా వాడాలో చూపించాను. కార్డు పెట్టింది, అడుగు వెనక్కి వేసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక లైన్లో జనం.

"చెప్పమ్మా. అది మనిషి కాదు, మిషను" అన్నాను.

"మిషనుకి సెప్పినా సెప్పినట్టే కదేటి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మందులు లేకపోతే ఆయుష్షు తరగదా? నీ చాదస్తంతో మనిషిని చంపుతావా?" అని అందరి ముందూ గట్టిగానే అన్నాను. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు విప్పలేదు. చివరికి పేరు నేనే చెప్పాను, మందులు తీసుకుని వచ్చేశాం. మిషన్ పక్కన స్టూలు వేసుకుని, తెలియనివాళ్ళకి సాయం చేసే రమణమ్మ గారు అనే ఆవిడ ఉంది. అంతకుముందు మందుల కౌంటర్లో పనిచేసేది. మా అమ్మ ఎప్పుడైనా ఒంటరిగా వస్తే కాస్త పేరు చెప్పిపెట్టమని ఆవిడకి చెప్పి, నా నంబరు కూడా ఇచ్చి వచ్చాను.

తర్వాతి నెల నాకు సెలవు దొరకలేదు. అమ్మ ఒక్కతే ఆటోలో వెళ్ళి మందులు తెచ్చేసింది. ప్యాకెట్ విప్పి చూసుకున్నాను. పేరు, మోతాదు, గడువు తేదీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"పేరు ఎవరు చెప్పారు?" అన్నాను.

"అక్కడే సెప్పేరులే" అంది, గిన్నెలు తోముకుంటూ.

రమణమ్మ గారే చెప్పి ఉంటుందనుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలలు ఇలాగే నడిచింది. మందులు వేళకి వస్తున్నాయి, నాకు అంతకంటే కావలసిందేముంది. ఒక్కటి మాత్రం వింతగా ఉండేది. మిషన్‌కి వెళ్ళే రోజంటే అమ్మ పెళ్ళికి వెళ్ళేదానిలా తయారయ్యేది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర, తల్లో కనకాంబరాలు. "ఆసుపత్రికి పువ్వులేటమ్మా" అని నేను ఏడిపిస్తే, "నీకెందుకే" అని నవ్వేది. నాన్న పడిపోయాక అమ్మ నవ్వడమే తక్కువ. అందుకని నేనూ కూపీ లాగలేదు.

ఒకరోజు డ్యూటీ దిగి లాకర్లోంచి ఫోన్ తీస్తే రమణమ్మ గారి మిస్డ్ కాల్ ఉంది. తిరిగి చేశాను.

"ఏటీ లేదమ్మా, మీ అమ్మగారికి మతిమరుపేటైనా వచ్చిందేటి? మందుల టైము కాకపోయినా వచ్చేత్తన్నారు. మిషను ఇంకా గడువు రాలేదని సెప్తే ఊరికే ఎల్లిపోతారు. మళ్ళీ రెండ్రోజులకి వత్తారు. మీకు తెలుసో లేదోనని" అంది.

ఒకరు మంచంలో ఉన్నారు. ఇప్పుడు రెండో మనిషికి మతి పోతోందా? నాన్నకి వేళకి మందు వేసేది అమ్మే. ఆవిడే మర్చిపోవడం మొదలుపెడితే ఇంక నాన్న ఏమవుతారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మకి చెప్పకుండా సెలవు పెట్టాను. రోజూలాగే కంపెనీ బస్సు వేళకి బయల్దేరి, బస్సెక్కకుండా ఆసుపత్రికి వెళ్ళాను. ఓపీ హాల్లో తాగే నీళ్ళ ఫిల్టరు పక్కన నిలబడ్డాను. మందులు తెచ్చి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి అమ్మకి ఆరోజు అక్కడ పనే లేదు. అయినా కాసేపటికి వచ్చింది. అదే ఇస్త్రీ చీర, అవే కనకాంబరాలు. నాన్న దగ్గర మా మేనత్తని కూర్చోబెట్టి వచ్చిందని తర్వాత తెలిసింది.

తన వంతు వచ్చింది. కార్డు పెట్టింది. "రోగి పేరు చెప్పండి" అంది మిషన్. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. రమణమ్మ గారు స్టూలు మీద కూర్చుని ఇంకెవరి చీటీయో చూస్తోంది. అమ్మ వెనకాల ఒక ముసలాయన దగ్గుతూ నిలబడ్డాడు. ఎవరూ పేరు చెప్పలేదు. నేను అమ్మ మొహం వైపే చూస్తున్నాను, పెదవి కదిలితే నాకు తెలుస్తుంది. కదల్లేదు.

"మీరు చెప్పిన పేరు" అంది మిషన్. చిన్నగా గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత, "నూకరాజునండీ."

నాన్న గొంతు. పోలిక కాదు, ఆయనే. అదే సాగదీత. బెల్లం కొట్లో ఫోనెత్తి మాట్లాడినట్టు, పక్కనే ఉండి అన్నట్టు.

ఫిల్టరు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ మాత్రం ఉలిక్కిపడలేదు. తల కొంచెం పక్కకి వంచి విని, నవ్వుకుని, పచ్చ బటన్ నొక్కింది. "మందుల గడువు ఇంకా రాలేదు" అని మిషన్ కార్డు వెనక్కి ఇచ్చేసింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని పర్సులో పెట్టుకుంది.

నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, ఎవరి గొంతది?"

"డ్యూటీకెల్లలేదేటే?" అని కంగారుపడింది. తర్వాత నెమ్మదిగా, "మీ నాన్నదే. నువ్వు గుర్తుపట్టలేదేటి?" అంది.

బయట వరండాలో కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు రమణమ్మ గారు పక్కన లేదట. ఏం చెయ్యాలో తోచక కార్డు పెట్టి, అమ్మోరిని తలుచుకుంటూ నిలబడితే ఆ గొంతు వచ్చిందట. ఆ రోజు భయపడి ఏడ్చిందట. తర్వాత్తర్వాత భయం పోయిందట.

"ఇంట్లో పలకరు. ఇక్కడ పలుకుతన్నారు. అందుకే వత్తన్నాను" అంది. "నువ్వెవరికీ సెప్పకే. పాడైపోయిందని మిషను తీసుకుపోతారు" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను ఊరుకునే రకం కాదు. మళ్ళీ లోపలికి వెళ్ళి, అదే కార్డు పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డాను. "పేరు వినపడలేదు. మళ్ళీ చెప్పండి" అంది మిషన్. అమ్మని పక్కన నిలబెట్టుకుని పెట్టాను. మళ్ళీ అదే మాట. అమ్మ పెడితే మాత్రం నాన్న పలికారు. రమణమ్మ గారిని అడిగాను.

"మగగొంతు వత్తాదమ్మా, నేనూ విన్నాను. మీ నాన్నగారు ఫోన్లో రికార్డు సేసి ఇచ్చేరేమో, అది పెడతన్నారేమో అనుకున్నాను" అంది.

అమ్మది బటన్ ఫోను. అందులో రికార్డింగులు లేవు, తీసి చూశాను. నాన్న గొంతు ఇంకెక్కడైనా ఉందేమోనని ఇంట్లో ఫోన్లన్నీ వెతికాను. మార్కెట్లో ఎవరో తీసిన వీడియో ఒక్కటే దొరికింది. అందులో జనం గోల తప్ప ఒక్క మాటా తెలియదు. మిషన్ ఊళ్ళోకి వచ్చేసరికే నాన్నకి మాట లేదు, కాబట్టి ఆయన గొంతు దాంట్లోకి ఎక్కే అవకాశమే లేదు. మిషన్ బాగుచేయడానికి విశాఖపట్నం నుంచి వచ్చే మెకానిక్‌ని పట్టుకుని, సంగతి చెప్పకుండా చుట్టూ తిప్పి అడిగాను. మైకు ముందు ఏ చప్పుడైతే అదే వినిపిస్తుంది మేడమ్, కార్డు బయటికి రాగానే చెరిగిపోతుంది, పాత గొంతులు దాంట్లో ఉండవు అన్నాడు. నాకు తెలిసిన కారణాలన్నీ అక్కడితో అయిపోయాయి.

ఇంతవరకూ అయితే వింతే గానీ భయం లేదు. భయం మా మేనత్త మాటతో మొదలైంది. "మీ అమ్మ ఆసుపత్రికెల్లిన పూట అన్నయ్య ఒకలాగయిపోతాడే. గొంతు సవరించుకుంటాడు, తర్వాత సచ్చినట్టు నిద్దరోతాడు" అంది. మామూలుగా అయితే "సరేలే అత్తా" అని లేచిపోయేదాన్ని. ఈసారి లేవలేకపోయాను.

నా సెలవురోజున నేనే నాన్న దగ్గర కూర్చుని, అమ్మని పంపించి చూశాను. అత్త చెప్పింది నిజమే. అమ్మ వెళ్ళిన కాసేపటికి నాన్న కళ్ళు వీధి గుమ్మం వైపు తిరిగాయి. గొంతులో గరగరమంది. పెదాలు కదిలాయి, శబ్దం లేదు. ఆ తర్వాత మొహమంతా పాలిపోయి, మూట మోసిన మనిషిలా అలసిపోయి కళ్ళు మూసుకున్నారు. సాయంత్రందాకా లేవలేదు. మర్నాడు జావ కూడా సగమే తాగారు.

అప్పుడు పట్టుకుంది నన్ను దిగులు. ఆ గొంతు ఎక్కడో ఉంటే బాగానే ఉంది, కానీ అది ఇక్కణ్ణుంచే పోతోంటే? ఈ మంచం మీదున్న మనిషిలో మిగిలిన కాస్త సత్తువా ఖర్చుపెట్టి అక్కడ పలుకుతున్నారా? చదువుకున్నదాన్ని ఇలా ఆలోచించడమేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే కార్డు తీసి నా హ్యాండ్‌బ్యాగులో దాచేశాను. మందులు నేనే తెస్తానని అమ్మతో చెప్పాను. అమ్మ పోట్లాడలేదు. పువ్వులు పెట్టుకోవడం మానేసింది, అంతే.

పోట్లాడింది నాన్న. కార్డు ఎప్పుడూ ఆయన మంచానికి ఎదురుగా గోడమేకుకి తగిలించి ఉండేది. ఆ ఖాళీ మేకు వైపు ఎడమచెయ్యి చాపడం, నా వైపు చూడడం. అన్నం పెడితే మూతి తిప్పేసుకోవడం. "ఏం కావాలి నాన్నా" అంటే మళ్ళీ మేకు వైపే చెయ్యి. అలా రెండు రోజులు చూసి, ఏడుపొచ్చి కార్డు తెచ్చి తగిలించాను. ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరి మధ్యా నేను ఎవర్ని కాదనడానికి అనిపించింది.

ఆరోజు నిజంగానే మందులు అయిపోవచ్చాయి. నాకు సెలవు. పొద్దున్నే అమ్మ తలంటుకుని, చీర మార్చుకుని, కార్డు తీసుకుని ఆటో ఎక్కింది. నేను నాన్నని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, చెంచాతో చోడి జావ, అదే రాగి జావ, పడుతున్నాను. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నాన్న ఆరోజు బాగానే ఉన్నారు. నాడి చూశాను, బీపీ చూశాను, అంతా మామూలే.

అక్కడ ఏం జరిగిందో రమణమ్మ గారు తర్వాత చెప్పింది. అమ్మ కార్డు పెట్టింది. ఎప్పటిలాగే కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. "పేరు వినపడలేదు. మళ్ళీ చెప్పండి" అంది మిషన్. అమ్మ బెదిరిపోయి చుట్టూ చూసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. రమణమ్మ గారు లేచి వచ్చి, "నేను సెప్తానుండమ్మా" అందట. అమ్మ చేత్తో వద్దని ఆపింది. మిషన్‌కి బాగా దగ్గరగా జరిగి, నోటి మీది కొంగు తీసేసి, వీధిలోంచి ఇంట్లోవాళ్ళని పిలిచినట్టు పిలిచిందట.

"నూకరాజు గారూ! నూకరాజు గారూ!"

హాలంతా తిరిగి చూసిందట.

ఇక్కడ ఇంట్లో, నాన్న నోటి దగ్గరకి చెంచా తీసుకెళుతున్నాను. ఆయన కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత, మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఒక్క మాటా రాని మనిషి, స్పష్టంగా, వేలం పాడే గొంతుతో అన్నారు.

"ఆఁ. వత్తన్నాను."

చెంచా నా చేతిలోంచి జారిపోయింది. "నాన్నా!" అని అరిచాను. మాట వచ్చిందని సంతోషంతో అరిచాను, దేవుడి మీద ఒట్టు. భుజం పట్టుకుని ఊపాను. తల నా మోచేతి మీదికి వాలిపోయింది. కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి. నాడి లేదు.

ఆయన్ని అలా పట్టుకుని ఉండగానే పక్కనున్న ఫోను మోగింది. రమణమ్మ గారు. "అమ్మా, మీ అమ్మగారు పేరు పెట్టి పిలిచేరు, పిలిచి ఇక్కడే కూలబడి ఏడుత్తన్నారు. ఏటయిందో మీరొకసారి రండి" అంటోంది. వెనకాల అమ్మ ఏడుపు నాకు వినపడుతోంది. నేనేం చెప్పానో గుర్తు లేదు.

అమ్మ వచ్చేసరికి ఇంటిముందు జనం. రమణమ్మ గారు పచ్చ బటన్ నొక్కి తీసిచ్చిన మందుల ప్యాకెట్ చేతిలో అలాగే ఉంది. గడప దగ్గరే ఆగిపోయి, "నేను పేరు పెట్టి పిలిసేను. నేనే సంపేసేను" అంది. మా అత్త అక్కడే ఉంది. కాదు అనలేదు. ఆ క్షణంలో అత్తని కొట్టాలనిపించింది.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. ఇలాంటి రోగుల్లో ఎప్పుడైనా జరగొచ్చన్నారు. మందులు ఒక్క పూట తప్పలేదు, ఆరోజు పొద్దుటి మాత్రలు నేనే వేశాను. డాక్టరు మాటని నేను కాదనను. కానీ ఆ పిలుపూ, ఈ పలుకూ ఒక్కసారే ఎలా వచ్చాయో ఆయన చెప్పలేరు కదా.

దినవారాలు అయిపోయాయి. అమ్మ సరిగ్గా తినడం మానేసింది. ఎవరు పలకరించినా ఒకటే మాట, నోరు కట్టుకోలేకపోయేను అని. నా దగ్గర ఒక మాట దాచుకుని ఉన్నాను. నాన్న పలికారని నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మకి ఓదార్పో, లేక తను పిలవబట్టే వెళ్ళిపోయారని ఇంకా కుంగిపోతుందో నాకు తేలలేదు. రోజురోజుకీ మనిషి చిక్కిపోతోంది. చివరికి ఒక మధ్యాహ్నం, ముద్ద కలిపి చేతిలో పెడితే తీసుకోకుండా కూర్చుంటే, ఉండబట్టలేక చెప్పేశాను.

"అమ్మా, నువ్వు పిలిస్తే నాన్న పలికారు. నేను విన్నాను."

అమ్మ నావైపు జరిగింది. "ఏటన్నారు?"

"ఆఁ, వత్తన్నాను అన్నారు."

"అదే మాటా? అలాగే అన్నారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అలాగే అన్నారని మళ్ళీ మళ్ళీ చెప్పాను. కడుపులోంచి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, నేను కలిపిన అన్నం అంతా తింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ పూట నాకు నిజంగా మనసు తేలికపడింది.

మర్నాడు, బాగున్న రోజుల్లో నాన్న మార్కెట్ నుంచి భోజనానికి వచ్చే వేళకి అమ్మ వసారా ఊడ్చి, వీధి తలుపు రెండు రెక్కలూ తెరిచి, గడపకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏటమ్మా, ఎవరైనా వస్తున్నారా?" అన్నాను.

"అదేటే అలాగంటావు. మీ నాన్న వత్తన్నానన్నారు కదా" అంది.

అప్పట్నుంచీ రోజూ అంతే. మతి చెడిందా అంటే అదీ లేదు. పెద్ద డాక్టరుకి కూడా చూపించాను, బాగానే ఉందన్నారు. కూరగాయలబ్బితో బేరం ఆడుతుంది, పక్కింటివాళ్ళ పిల్లకి జడ వేస్తుంది, నన్ను తిట్టాల్సినప్పుడు తిడుతుంది. నూకల్ని ఇప్పుడు నూకలనే అంటుంది. ఆ ఒక్క వేళకి మాత్రం తలుపు తీసి కూర్చుంటుంది. ఒక్కోసారి వీధి వైపు చూసి, పెద్దగా కాదు, మామూలు గొంతుతో, "నూకరాజు గారూ, అన్నం సల్లారిపోతంది" అంటుంది. అని చెవొగ్గి వింటుంది.

మిషన్ ఇంకా అక్కడే ఉంది. ఒకసారి నాన్న కార్డు తీసుకెళ్ళి పెట్టి చూశాను. పేరు అడగలేదు, ఈ కార్డు చెల్లదు అని వెనక్కి ఇచ్చేసింది. ఆ తర్వాత ఎప్పుడూ దాంట్లో తేడా రాలేదని రమణమ్మ గారు చెప్పింది. అమ్మ ఒక్కతే విని ఉంటే భ్రమ అనేదాన్ని. నేను విన్నాను, రమణమ్మ గారు వింది. నాన్న చివరి మాట ఈ రెండు చెవులతో విన్నాను. కంపెనీ కాగితం అయితే కారణం అన్నచోట ఏదో ఒకటి నింపేవరకూ వదిలేదాన్ని కాదు. దీనికి మాత్రం ఇప్పటికీ ఏమీ రాయలేకపోతున్నాను.

నాకు సెలవైతే ఆ వేళకి నేనూ అమ్మ పక్కనే ఉంటాను. తలుపు బార్లా తీసి ఉంటే వీధిలో దుమ్మంతా ఇంట్లోకి కొడుతుంది. మూసేద్దామని లేస్తాను. గడప దాకా వెళ్ళి, రోడ్డు మలుపు వైపు ఒకసారి చూసి, మూయకుండానే వచ్చి కూర్చుంటాను.